ఉపవాసం నుంచి ముళ్ల పట్టీ దాకా: కథోలిక తపస్సుకు కొలత ఎవరి చేతిలో ఉంటుంది?

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం దగ్గరపడితే రెండు రకాల ప్రశ్నలు వినిపిస్తాయి. శుక్రవారం గుడ్డు తినొచ్చా అన్నది ఒకటి. మఠాల్లో కొందరు తమ వీపు మీద తామే కొట్టుకుంటారట, అది కూడా కథోలిక విశ్వాసంలో భాగమేనా అన్నది ఇంకొకటి. రెండింటినీ తపస్సు అనే పిలుస్తాం కాబట్టి అడిగేవాళ్లకు అవి ఒకే దారిలో ముందూ వెనుకా ఉన్న మజిలీల్లా కనిపిస్తాయి. కాస్త భక్తి ఉంటే మాంసం మానేస్తారు, భక్తి ముదిరితే కొరడా పడతారు అన్నట్టు. చిక్కంతా ఈ ఊహలోనే ఉంది.

మొదటి ప్రశ్నకు శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో సూటిగా జవాబు ఉంది. రెండోదాని గురించి విశ్వాసులందరికీ వర్తించే చట్టంలో ఒక్క వాక్యమూ లేదు. చట్టం అందరినీ అడిగేది చాలా తక్కువ. దానికి మించి ఎవరైనా తమంతట తాము చేపట్టేదానికి హద్దు తప్పకుండా ఉంటుంది. ఆ హద్దును ఎవరికి వారే గీసుకోకూడదని పరంపర పదే పదే చెప్పింది. కథోలిక తపస్సును అర్థం చేసుకోవాలంటే ఎంత కష్టపడ్డారు అన్నదానికన్నా కొలత ఎవరు వేశారు అన్నదాన్ని చూడాలి.

తపస్సు అనే పేరు కింద ఏమేం ఉన్నాయి

పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారంలో, ఆయన విధించేది ప్రాయశ్చిత్తం. చేసిన పాపాల తీరును, సంఖ్యను, చెప్పుకున్న మనిషి స్థితిని బట్టి తగినది ఇవ్వాలని చట్టంలోని 981వ సూత్రం అంటుంది. ఈ రోజుల్లో అది ఎక్కువగా ప్రార్థనో, దానమో, ఎవరికో చేసిన నష్టాన్ని సరిదిద్దడమో అవుతుంది. తొలి శతాబ్దాల్లో పరిస్థితి ఇలా ఉండేది కాదు. 325లో జరిగిన నైసియా మహాసభ 11వ నియమం ప్రకారం, బలవంతమేమీ లేకుండానే విశ్వాసాన్ని వదిలి తిరిగొచ్చినవాళ్లు మూడేళ్లు వాక్యం వినేవాళ్లలో, ఏడేళ్లు సాగిలపడేవాళ్లలో ఉండి, మరో రెండేళ్లు సత్ప్రసాదం (పూజలో క్రీస్తు దేహంగా స్వీకరించే రొట్టె) లేకుండా ప్రార్థనలో మాత్రమే పాల్గొనాలి. మొత్తం పన్నెండేళ్లు.

ఉపవాసం అంటే తిండి పరిమాణం తగ్గించడం. మాంసవర్జనం అంటే తినేదాంట్లో ఒక రకాన్ని వదిలేయడం. ఈ రెండూ వేర్వేరు బాధ్యతలు, వాటి వయసు లెక్కలు కూడా వేరు. వీటిని కలిపేసి చెప్పడం వల్లే ఇళ్లలో సగం వాదనలు పుడతాయి.

ఇక ఇంద్రియ నిగ్రహం మరింత విశాలమైనది. నిద్ర, మాట, చూపు, సుఖం, కుతూహలం, ఇలా మనసుకు నచ్చినదాన్ని కావాలని వదులుకోవడమంతా దీని కిందకే వస్తుంది. కేశవస్త్రం, ముడుల కొరడా, ముళ్ల పట్టీ లాంటివి ఇందులో ఒక చిన్న మూల. బయటివాళ్ల చూపు మాత్రం ముందు అక్కడే పడుతుంది.

వీటన్నింటికీ తోడు కోరకుండా వచ్చిపడేవి ఉన్నాయి: జబ్బు, వృద్ధాప్యం, అవమానం, అలసట. దేవుడు అనుమతించే ఇలాంటి శ్రమలను ఓర్పుతో భరించడం కూడా ప్రాయశ్చిత్తమేనని 1551లో ట్రెంట్ మహాసభ బోధించింది, అది ప్రేమకు గొప్ప నిదర్శనమని కూడా అన్నది. మంచం పట్టిన మనిషి తాను ఏ తపస్సూ చేయలేకపోతున్నానని బాధపడితే, సమర్థుడైన గురువు ఇచ్చే జవాబు అక్కడి నుంచే వస్తుంది.

చట్టం అడిగేది ఎంత

1983 నాటి శ్రీసభ చట్టంలో తపస్సు రోజుల గురించి ఉన్నవి ఐదే సూత్రాలు, 1249 నుంచి 1253 వరకు. ఏడాదిలోని ప్రతి శుక్రవారం, తపస్కాలం మొత్తం తపస్సు దినాలు. శుక్రవారాల్లో మాంసవర్జనం. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం, క్రీస్తు మరణాన్ని స్మరించే పవిత్ర శుక్రవారం నాడు మాంసవర్జనంతో పాటు ఉపవాసం కూడా. అంటే చట్టరీత్యా ఉపవాసం ఏడాదికి రెండు రోజులే.

ఉపవాసం ఎలా ఉండాలన్నది 1966 ఫిబ్రవరి 17న పోపు ఆరవ పౌలు ఇచ్చిన శాసనంలో ఉంది. రోజుకు ఒక పూర్తి భోజనం, ఉదయం సాయంత్రం కొద్దిగా ఆహారం. ఆ కొద్ది ఎంతన్నది స్థానిక ఆచారానికి వదిలేశారు. రెండు చిన్న పూటలూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదని చాలా చోట్ల లెక్క వేస్తారు. మంచినీళ్లతో ఉపవాసం చెడదు. ఒక ముద్ద కూడా ముట్టని కఠోర ఉపవాసం ఎవరైనా ఉంటే అది వారి సొంత నిర్ణయం, శ్రీసభ దాన్ని ఎవరినీ అడగలేదు.

మాంసం అంటే జంతువుల, పక్షుల మాంసం. చేపలు ఈ లెక్కలోకి రావు. గుడ్లు, పాల పదార్థాలు, జంతువుల కొవ్వుతో వేసే తాలింపులు ఫర్వాలేదని 1966 శాసనం స్పష్టంగా చెప్పింది. 1917 నాటి పాత చట్టం మాంసంతో కాచిన చారును కూడా నిషేధించింది, కొత్త శాసనంలో ఆ మాట లేదు. చేపలకు అనుమతి ఉంది కదా అని శుక్రవారం ఖరీదైన చేపల విందు చేసుకుంటే చట్టాన్ని మీరినట్టు కాదు. అయితే ఆ శుక్రవారానికి పెట్టిన ఉద్దేశమే అక్కడ లేకుండా పోతుంది. అక్షరం నిలబడి అర్థం పడిపోయే చోట్లలో ఇది ఒకటి.

వయసు లెక్కలో ఎక్కువమంది తడబడతారు. మాంసవర్జనం 14 ఏళ్లు నిండినవారికి, పైకి వయోపరిమితి లేదు. ఉపవాసం 18 నిండినప్పటి నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యే దాకా. అరవయ్యో ఏడు మొదలయ్యేది 59 నిండినప్పుడు, 60 నిండినప్పుడు కాదు. 1967 జూన్ 10న పుట్టిన వ్యక్తిని తీసుకుందాం. 2026 ఫిబ్రవరి 18న వచ్చిన విభూది బుధవారం నాటికి ఆ వ్యక్తికి 58 ఏళ్లే కాబట్టి ఉపవాసం వర్తిస్తుంది. 2027 ఫిబ్రవరి 10న వచ్చే విభూది బుధవారానికి 59 దాటిపోతాయి. ఆ రోజు మాంసం మానాలి, తిండి పరిమాణం తగ్గించే బాధ్యత మాత్రం చట్టరీత్యా లేదు. పన్నెండేళ్ల పిల్లకు ఈ రెండూ వర్తించవు. అయినా తపస్సు అంటే ఏమిటో పిల్లలకు నేర్పే పని తల్లిదండ్రులదీ గురువులదీ అని అదే సూత్రం గుర్తుచేస్తుంది.

ఇంకో మెలిక మహోత్సవాలది, అంటే అత్యున్నత స్థాయి పండుగలది. శుక్రవారం నాడు మహోత్సవం పడితే మాంసవర్జనం ఉండదు. 2022 మార్చి 25 తపస్కాలంలోని శుక్రవారమే అయినా, అది దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన మహోత్సవం కావడంతో ఆ నియమం వర్తించలేదు. మామూలు పునీతుల స్మరణ దినాలకు ఈ సడలింపు లేదు.

తపస్కాలం నలభై రోజులంటారు, క్యాలెండర్‌లో లెక్కపెడితే విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 వస్తాయి. మధ్యలోని ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం పునరుత్థానపు రోజు, ఉపవాసానికి పనికిరాదు. ఈ పట్టుదల చాలా పాతది. నాలుగో శతాబ్దంలో గాంగ్రా సభ ఆదివారం కూడా తపస్సు పేరుతో ఉపవాసం ఉండేవాళ్లను, మాంసం తినే తోటి విశ్వాసులను తప్పుపట్టేవాళ్లను శపించింది. తపస్వులు ఎక్కువైనందుకు సభకు కోపం రాలేదు. తిండిని, పెళ్లిని, దేహాన్ని చెడ్డవిగా చూసే బోధ తపస్సు వేషంలో రావడం దానికి నచ్చలేదు.

దివ్యసత్ప్రసాదానికి ముందు ఉపవాసం వేరే లెక్క. సత్ప్రసాదం స్వీకరించే సమయానికి ముందు ఒక గంట, పూజ మొదలయ్యే సమయానికి ముందు కాదు. నీళ్లు, మందులు మినహాయింపు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఆ గంట కూడా అక్కర్లేదు. ఒకప్పుడు ఇది అర్ధరాత్రి నుంచి ఉండేది. 1953లో నీళ్లకు అనుమతి వచ్చింది, 1957లో మూడు గంటలకు తగ్గింది, 1964లో ఒక గంటకు వచ్చి ఆగింది. పైన చెప్పిందంతా లాటిను ఆచారం వారికి. తూర్పు కథోలిక సభలకు వాటి సొంత చట్టం ఉంది, వాటి ఉపవాసాలు తరచుగా ఇంతకన్నా దీర్ఘమైనవి.

దేహం చెడ్డదని కాదు, మరి ఎందుకు

పునీత తోమాస్ అక్వినాస్ ఉపవాసానికి మూడు ప్రయోజనాలు చెప్పాడు: కోరికలకు కళ్లెం వేయడం, మనసు తేలికగా దైవధ్యానం వైపు లేవడం, చేసిన పాపాలకు ప్రాయశ్చిత్తం. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది, అవి ఏవీ నొప్పిని నొప్పి కోసం కోరవు. ఎవరైనా ఆహారాన్నీ నిద్రనూ మితిమీరి తగ్గించి దేహాన్ని హింసిస్తే, అది దొంగిలించిన సొమ్ముతో బలి అర్పించడమే అన్న పాత హెచ్చరికను కూడా ఆయన అక్కడే గుర్తుచేశాడు. దేహం దేవుడిది, దాన్ని పాడుచేసి ఆయనకే కానుకగా ఇవ్వడం కుదరదని దీని భావం.

బైబిలు ఈ విషయంలో రెండు వైపుల నుంచీ మాట్లాడుతుంది. నా దేహాన్ని నలగగొట్టి లొంగదీసుకుంటానని పౌలు 1 కొరింతీ 9:27లో అన్నాడు. దేహం పట్ల కాఠిన్యం జ్ఞానంలా కనిపిస్తుంది కానీ ఐహిక వాంఛలను అదుపు చేయడానికి పనికిరాదని కొలొస్సీ 2:23 చెబుతుంది. వస్త్రాలు కాదు, హృదయాలు చింపుకోండని యోవేలు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టని ఉపవాసం తనకు అక్కర్లేదని యెషయా 58లో దేవుడే అంటాడు. ప్రార్థన, ఉపవాసం, దానం మూడూ కలిసే నడుస్తాయని సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధల గ్రంథం) చెప్పేది ఇందుకే. మిగిల్చిన భోజనం ఇంకొకరి కంచంలోకి వెళ్లాలి. లేకపోతే అది ఆదా అవుతుంది, దానం కాదు.

ఆరవ పౌలు శాసనంలో ఇంకో సూక్ష్మం ఉంది. దేవుని కుమారుడే ధరించిన దేహాన్ని తపస్సు నిందించదని ఆయన స్పష్టం చేశాడు. ఆ తర్వాత, సంపన్న దేశాల్లో ఉన్నవారు వదులుకోవడంలో ఎక్కువ సాక్ష్యమివ్వాలనీ, తిండికే కటకటలాడే చోట ఉన్నవారు ఉన్న కష్టాన్నే ప్రార్థనతో అర్పించవచ్చనీ అన్నాడు. ఆకలితో ఉన్నవాడికి ఆకలిని తపస్సుగా విధించడం అర్థం లేని పని.

ఇక్కడ ప్రొటెస్టెంటులతో పాత వివాదం ఒకటుంది. క్రీస్తు సిలువ చాలదా, మనిషి తన వీపు మీద దెబ్బలతో ఏం కలుపుతాడు అని వాళ్ల ప్రశ్న. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన దేహాన్ని అదుపులో పెట్టుకోవడాన్ని తప్పుపట్టలేదు. ఫలానా ఉపవాసంతో పాపక్షమ సంపాదించుకుంటామన్న ఆలోచననే తోసిపుచ్చింది. ఈ ఆక్షేపణలో బలముంది, ఎందుకంటే సామాన్యుల ఆచరణలో అలాంటి బేరసారాలు నిజంగానే ఉండేవి. పాపక్షమ క్రీస్తు వల్లే వస్తుందనీ, మన ప్రాయశ్చిత్తానికి బలం ఆయన నుంచే వస్తుందనీ, ఆయన లేకుండా అది దేనికీ కొరగాదనీ ట్రెంట్ జవాబిచ్చింది. క్షమ దొరికాక కూడా పాపం మిగిల్చిన వంకర మనిషిలో ఉంటుంది, దాన్ని సరిచేసుకునే శ్రమే తపస్సు అన్నది కథోలిక వాదన.

ఇగ్నేషియస్ వేసిన కొలత

ఈ విషయంలో అత్యంత ఆచరణాత్మకంగా రాసినవాడు యేసుసభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా. ఆయన 1522-23లో మన్రేసాలో ఉన్నప్పుడు చేసిన కఠోర ఉపవాసాలు ఆరోగ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీశాయి. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ఆత్మసాధనల పుస్తకంలో తపస్సు గురించిన భాగం చిన్నదే, కానీ ప్రతి వాక్యం అనుభవంతో తూచినట్టుంటుంది.

మొదటి గీత మితానికీ తపస్సుకూ మధ్య. అక్కర్లేనిది వదిలేస్తే అది మితం మాత్రమే, తపస్సు కాదు. తగినంతగా ఉన్నదాంట్లోంచి కొంత తగ్గించినప్పుడు తపస్సు మొదలవుతుంది. దాన్ని మనిషి చెడిపోకుండా, చెప్పుకోదగ్గ జబ్బు రాకుండా ఉన్నంతవరకే పెంచాలి. ఉదాహరణకు రోజూ భోజనం తర్వాత రెండు మిఠాయిలు తినే మనిషి తపస్కాలంలో వాటిని మానేస్తే, ఈ కొలత ప్రకారం అతడు మితానికి వచ్చాడు. మంచిదే. తనకు సరిపడే భోజనంలోంచి కొంత తగ్గించినప్పుడు తపస్సులోకి అడుగుపెట్టాడు. నిద్ర విషయంలో ఇగ్నేషియస్ ఇంకా జాగ్రత్తపడ్డాడు. మెత్తని పరుపును వదలొచ్చు, కానీ అతినిద్ర అలవాటున్నవాడైతే తప్ప తగినంత నిద్రలోంచి తగ్గించవద్దన్నాడు.

దేహాన్ని నొప్పించే తపస్సుకు వస్తే, నొప్పి చర్మం దగ్గర తెలియాలి, ఎముకల దాకా పోకూడదు అన్నాడు. బాధ ఉండొచ్చు, జబ్బు రాకూడదు. సన్నని తాళ్లు మేలు అన్నది కూడా ఈ లెక్కతోనే, లోపల గాయం కాకూడదని.

అన్నింటికన్నా విలువైనది మార్పు గురించిన సలహా. కోరుకున్న వెలుగు దొరకకపోతే తిండిలో, నిద్రలో, ఇతర తపస్సుల్లో మార్పు చేయమన్నాడు: రెండు మూడు రోజులు చేయడం, మరో రెండు మూడు రోజులు మానడం. కొందరికి ఎక్కువ కావాలి, కొందరికి తక్కువ. మనం సుఖం మీద మమకారంతో, చేస్తే జబ్బుపడతామని చెప్పుకుని మానేస్తుంటాం. మరోసారి దేహం భరిస్తుందిలే అని అతిగా చేస్తుంటాం. రెండూ మోసాలే. మార్చి చూస్తే తనకు ఏది సరిపడుతుందో దేవుడు తెలియజేస్తాడని ఆయన నమ్మకం. భోజనం విషయంలో ఇంకో కిటుకు చెప్పాడు: తర్వాతి పూట ఎంత తినాలో ఈ పూట తిన్న తర్వాత, ఆకలి లేని సమయంలో నిర్ణయించుకోవాలి. ఆకలిగా ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం ఆకలిదే అవుతుంది.

1548 సెప్టెంబరులో ఆయన గాందియా ప్రభువు ఫ్రాన్సిస్ బోర్జాకు రాసిన ఉత్తరంలో ఇదే ధోరణి కనిపిస్తుంది. ఉపవాసాలను సగానికి తగ్గించుకోవాలి, కడుపును బాగుచేసుకోవాలి, ఒక్క రక్తపు బొట్టు కూడా రప్పించే పని మానుకోవాలి. అడిగినవాడు ఉత్సాహంగా ఉన్నాడు, జవాబిచ్చినవాడు ఆ ఉత్సాహాన్ని కిందికి దించాడు. పరంపరలో మంచి నిర్దేశకులు చేసే పని ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

కొరడా, కేశవస్త్రం, ముళ్ల పట్టీ

కేశవస్త్రం వీటిలో అతి పురాతనమైనది. ముతక మేక వెంట్రుకలతో నేసిన బట్టను ఒంటికి ఆనించి తొడుక్కుంటే నిరంతరం గరుగ్గా గుచ్చుకుంటుంది. 1170లో హతుడైన కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి తోమాస్ బెకెట్ వస్త్రాల కింద దాన్ని చూశాకే చాలామందికి ఆయన జీవితం అర్థమైంది. ముళ్ల పట్టీ దీని తర్వాతి రూపం. పలచని లోహపు తీగలతో అల్లిన గొలుసు, మొనలు లోపలి వైపు ఉంటాయి, తొడకు కడతారు. ముడుల కొరడా అంటే చిన్న తాళ్ల కుచ్చు, వీపు మీద వాడతారు. పదకొండో శతాబ్దంలో పునీత పీటర్ డామియన్ దీన్ని గట్టిగా సమర్థించాక మఠాల్లో వ్యాపించింది.

మఠం గోడలు దాటి వీధుల్లోకి వచ్చినప్పుడు దాని స్వభావం మారింది. 1260లో పెరూజియా నుంచి మొదలైన కొరడా ఊరేగింపులు, ప్లేగు కాలంలో 1349 నాటికి ఐరోపా అంతటా విజృంభించాయి. వాళ్లు గురువుల మాట పక్కనపెట్టారు, తమ కొరడాతోనే పాపక్షమ వస్తుందన్నారు. పోపు ఆరవ క్లెమెంట్ అదే ఏడాది అక్టోబరు 20న ఆ ఉద్యమాన్ని ఖండించాడు. ఒక మఠంలో అనుమతితో జరిగే పనే వీధిలో అనుమతి లేకుండా జరిగితే శ్రీసభ దాన్ని వేరే పనిగా చూసింది. పునీత సిలువ యోహాను ఈ మాటను మరీ పదునుగా అన్నాడు: విధేయత లేని దేహతపస్సు జంతువుల తపస్సుతో సమానం, తమ ఇష్టం తీర్చుకోవడంలో దొరికే రుచే వాళ్లను అందులోకి లాగుతుంది అని. తిండిపోతులానే తపస్సుపోతు కూడా ఉంటాడన్న హెచ్చరిక ఇది.

ఈ పరికరాలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1928లో స్పెయిన్‌లో మొదలైన ఓపుస్ దేయి సంస్థలో బ్రహ్మచర్యం పాటించే సభ్యులు రోజుకు సుమారు రెండు గంటలు ముళ్ల పట్టీ ధరిస్తారు, ఆదివారాలూ పండుగలూ మినహా. గాయం కాకుండా, ఆరోగ్యానికి హాని లేకుండానే ఇది జరుగుతుందని సంస్థ అంటుంది. బయటికొచ్చినవారిలో కొందరు, ఆ ఆచారాన్ని యువకులకు అలవాటు చేసే తీరులోనే ఒత్తిడి ఉందని విమర్శిస్తారు. రెండో జాన్ పాల్ పోపు బెల్టుతో తనను తాను శిక్షించుకునేవారని ఆయన పునీతపట్ట ప్రక్రియను నడిపిన గురువు 2010లో వెల్లడించినప్పుడు కథోలికుల్లోనే రెండు రకాల స్పందనలు వచ్చాయి. కొందరు కదిలిపోయారు, కొందరు కలవరపడ్డారు. రెండోవాళ్ల విశ్వాసం తక్కువదని అనడానికి వీల్లేదు.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

దేహం వైపు నుంచి వచ్చే ప్రమాదాలు తేలికగా చెప్పొచ్చు. చక్కెర తగ్గించే మాత్రలు లేదా ఇన్సులిన్ వాడే మనిషి అదే మోతాదు వేసుకుని తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగులు, కాయకష్టం చేసేవారు ఉపవాస నియమం కిందకి రారన్నది నీతిశాస్త్రంలో స్థిరపడిన విషయం. సందేహం ఉంటే విచారణ గురువు (స్థానిక చర్చి గురువు) సడలింపు ఇవ్వొచ్చు, లేదా వేరే భక్తికార్యంగా మార్చొచ్చు, 1245వ సూత్రం ఆ అధికారం ఇస్తుంది. వైద్యుడు వద్దన్నాక పట్టుబట్టి ఉపవాసం ఉండటంలో పుణ్యం లేదు. ప్రాణం, ఆరోగ్యం దేవుడు నమ్మి అప్పగించిన విలువైన వరాలని సత్యోపదేశ గ్రంథం 2288వ పేరాలో ఉంది.

మనసు వైపు ప్రమాదం కనిపెట్టడం కష్టం. తిండి మానడంలోనే తన విలువ ఉందని నమ్మే మనిషికి తపస్కాలం మంచి సాకు అవుతుంది. తినకపోవడాన్ని అందరూ మెచ్చుకునే నలభై రోజులు అవి. తిండికి సంబంధించిన మానసిక రుగ్మత నుంచి కోలుకుంటున్నవారికి ఎరుక ఉన్న గురువు ఉపవాసాన్ని పూర్తిగా తీసేసి, సరైన సమయానికి సరిపడా తినడాన్నే తపస్సుగా ఇస్తాడు. ఆ మనిషికి నిజంగా కష్టమైనది అదే. సియెన్నా కతరినమ్మ (1347-1380) ఉదాహరణ ఇక్కడ తప్పక వస్తుంది. చివరికి దాదాపు ఏమీ తినలేని స్థితికి చేరి 33 ఏళ్లకే మరణించింది. ఆధునిక చరిత్రకారుల్లో కొందరు దాన్ని రుగ్మతగా చూస్తారు. మరికొందరు, ఆ కాలపు స్త్రీల జీవితంలో తిండికి, సత్ప్రసాదానికి ఉన్న అర్థాన్ని వదిలేసి ఇప్పటి రోగం పేరు పెట్టడం తొందరపాటంటారు. రెండో వాదన వల్ల ఆమెను అర్థం చేసుకోవచ్చు. ఆమెను అనుకరించమని మాత్రం అది చెప్పదు. తపస్సు సాధనం మాత్రమే, దాన్నే గమ్యం చేసుకోవద్దని ఆమె రాతల్లోనే ఉంది.

తనను తాను గాయపరచుకునే మానసిక బాధకూ తపస్సుకూ తేడా బయటి పనిలో కనిపించకపోవచ్చు. లోపల చూడాలి. భరించలేని ఆవేదన నుంచి తక్షణ ఉపశమనం కోసం చేస్తున్నారా? మానమంటే మానలేకపోతున్నారా? మోతాదు పెరుగుతూ పోతోందా? తన మీద తనకు అసహ్యం ఉందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, దానికి భక్తి పేరు పెట్టి కొనసాగించే గురువు పెద్ద తప్పు చేస్తున్నట్టే. అక్కడ కావలసింది చికిత్స.

ఇక్కడ రహస్యం గురించిన అపార్థం ప్రాణాల మీదికి తెస్తుంది. ఉపవాసం ఉన్నప్పుడు తలకు నూనె రాసుకోండి, ముఖం కడుక్కోండి, మనుషులకు తెలియనీయవద్దు అని మత్తయి 6లో క్రీస్తు అన్నాడు. దాన్ని పట్టుకుని, ఆధ్యాత్మిక గురువుకు కూడా చెప్పకుండా తపస్సు చేసేవారున్నారు. ఊరికి తెలియకూడదన్నది గర్వం రాకుండా. గురువుకు తెలియాలన్నది మోసపోకుండా. గురువుకు దాచిన తపస్సును సంప్రదాయం దాదాపు ఎప్పుడూ అనుమానంగానే చూసింది.

లిసియో తెరేసమ్మ (1873-1897) చిన్న ముళ్లున్న ఇనుప సిలువను ధరించి జబ్బుపడింది. అలాంటివి తనకు తగినవి కావని గ్రహించి విడిచిపెట్టింది. చిరాకు తెప్పించే సోదరితో చిరునవ్వుతో మెలగడం, తనది కాని నిందకు సంజాయిషీ ఇచ్చుకోకపోవడం ఆమె తపస్సులయ్యాయి. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మ దర్శనాలు పొందామన్న పిల్లలు నడుముకు కట్టుకున్న తాడు విషయంలోనూ, రాత్రి దాంతో పడుకోవద్దనీ పగలు మాత్రమే ధరించమనీ 1917 సెప్టెంబరు దర్శనంలో మాట వచ్చిందని వారిలో ఒకరైన లూసియా జ్ఞాపకాల్లో ఉంది. అంతకు శతాబ్దాల ముందే పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్, ముందు పెట్టిన భోజనాన్ని నచ్చినా నచ్చకపోయినా తినడం, ఎప్పుడూ అధమమైనది ఏరుకోవడం కన్నా గొప్ప తపస్సన్నాడు. ఏరుకున్నప్పుడు మన ఇష్టమే గెలుస్తుంది, పెట్టింది తిన్నప్పుడు అది కూడా పోతుంది.

ఇప్పుడు వాదన ఎక్కడ నడుస్తోంది

1966 తర్వాత చట్టం మరీ పలచబడిందని ఒక వర్గం బాధపడుతుంది. పాత చట్టంలో తపస్కాలపు ఆదివారాలు తప్ప అన్ని రోజులూ ఉపవాసమే ఉండేది. అందరూ కలిసి చేసే తపస్సు ఒక సమాజాన్ని కట్టి ఉంచుతుంది, ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేస్తే ఎవరూ ఏదీ చేయరు అన్నది వాళ్ల మాట. దీనికి రుజువులా, శుక్రవారం మాంసవర్జనాన్ని చాలాకాలం స్వచ్ఛందానికి వదిలేసిన ఇంగ్లండ్, వేల్స్ పీఠాధిపతులు (బిషప్పులు) 2011 సెప్టెంబరు నుంచి దాన్ని మళ్లీ తీసుకొచ్చారు. మరో వర్గం, కాలం మారిందని, పని ఒత్తిడి, జబ్బులు, దేహం గురించిన అవగాహన పెరిగాక బయటి కఠినత్వం కన్నా దానం, క్షమ, న్యాయం కోసం నిలబడటమే ఇప్పటి తపస్సంటుంది. రెండింటిలోనూ నిజం ఉంది. ఉమ్మడి నియమం లేని చోట అలవాటు నిలబడదన్నది మొదటివాళ్ల బలం. నియమం పాటించి కఠిన హృదయంతో మిగిలిపోయినవాళ్లు ప్రతి తరంలో ఉన్నారన్నది రెండోవాళ్ల బలం.

1253వ సూత్రం ప్రకారం ఒక దేశపు పీఠాధిపతుల సమాఖ్య మాంసవర్జనానికి బదులు వేరే తపస్సును, ముఖ్యంగా దానాన్ని, భక్తికార్యాలను నిర్ణయించవచ్చు. అందుకే ఒక దేశంలో తప్పనిసరి అయినది పక్క దేశంలో కాకపోవచ్చు. బదులు అనుమతించిన చోట కూడా శుక్రవారం తపస్సు దినంగానే ఉంటుంది. మాంసం తినొచ్చు కాబట్టి ఇక ఆ రోజు ఏమీ అక్కర్లేదని చాలామంది అనుకోవడమే ఇప్పటి పెద్ద పొరపాటు.

చివరగా, మరచిపోయి ఒక శుక్రవారం మాంసం తిన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న. ఆరవ పౌలు శాసనం తపస్సు దినాలను చెప్పుకోదగినంతగా పాటించడం తీవ్రమైన బాధ్యత అని చెప్పింది. అది ఒక్కో రోజుకు విడివిడిగా వర్తిస్తుందా అని అడిగితే, ఆ రోజులన్నింటినీ కలిపి చూడాలని రోము 1967 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. మరచిపోవడం పాపం కాదు. కారణం లేకుండా, ధిక్కారంతో ఆ రోజులన్నింటినీ పక్కన పెట్టేయడం వేరే సంగతి.